మూడు బంతుల స్పైరోమీటర్: మూడో బంతి జోలికి పోకండి

ఆపరేషన్ అయి వార్డుకు వచ్చిన మనిషి చేతిలో, లోతుగా ఊపిరి పీల్చడం సాధన చేయమని పెట్టే ప్లాస్టిక్ డబ్బా ఇది. లోపల కనబడేలా మూడు గదులు, గదికో రంగు బంతి, పక్కన మడతల గొట్టం, గొట్టం చివర నోట్లో పెట్టుకునే మూతి. డాక్టరు చీటీ మీద ఇన్సెంటివ్ స్పైరోమీటర్ అని రాస్తారు. మందుల షాపులో బంతుల స్పైరోమీటర్ అంటే చాలు, తీసిస్తారు. ఇళ్లలో మాత్రం చాలామంది నోట దీని పేరు ‘ఊదే మిషన్’. తప్పంతా ఆ పేరు దగ్గరే మొదలవుతుంది. ఇది ఊదేది కాదు, పీల్చేది.

కంపెనీని బట్టి సుమారు రెండు వందల నుంచి ఐదు వందల రూపాయల్లో దొరుకుతుంది. పెట్టె మీద ఎంఆర్‌పీ చాలాసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది, తగ్గించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఐదు మార్కులకు దీనికి మూడున్నర ఇవ్వొచ్చు. బ్యాటరీ లేదు, కరెంటు అక్కర్లేదు, చెడిపోవడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. తగ్గించిన ఒకటిన్నర మార్కు మాత్రం డబ్బా మీద అచ్చేసిన అంకెలకు పడిన శిక్ష. ఆ అంకెలు చూసే చాలామంది దీన్ని తప్పుగా వాడుతున్నారు.

మూడు గదుల మీద 600, 900, 1200 అని ఉంటుంది. వాటిని చూసి మొదటి బంతి లేస్తే 600 సీసీ, అంటే 600 మిల్లీలీటర్ల గాలి లోపలికి పోయినట్టు, మూడూ లేస్తే 1200 పోయినట్టు అనుకుంటారు. అక్కడే పొరపాటు. పక్కన చిన్న అక్షరాల్లో ‘సెకనుకు’ అన్న అర్థం వచ్చే గుర్తు ఉంటుంది. అంటే బంతి చెప్పేది గాలి ఎంత వేగంగా పోతోందన్నదే, ఎంత గాలి పోయిందన్నది కాదు. మూతి దగ్గర లాగితే గదిలో ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి అడుగునున్న రంధ్రం గుండా దూరి బంతిని పైకి తోస్తుంది. సెకనుకు 600 సీసీ వేగం అందితే మొదటి బంతి, 900 అందితే రెండోది, 1200 అందితే మూడోది లేస్తాయి.

ఇక లెక్క చూడండి. మూడు బంతుల్నీ ఒక్క ఉదుటున లేపి ఒక సెకను నిలిపితే లోపలికి పోయింది సుమారు 1200 సీసీ. ఒక్క బంతినే లేపి మూడు సెకన్లు నిలిపితే 1800. రెండు బంతుల్ని మూడు సెకన్లు నిలిపితే 2700. వార్డులో పక్క మంచం ఆయన మూడూ టకటకా లేపుతున్నాడని చూసి చిన్నబుచ్చుకునే పెద్దాయన, ఒక్క బంతితోనే ఆయనకన్నా ఎక్కువ గాలి తీసుకుంటూ ఉండొచ్చు. ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా రాయరు. లోపల మడతపెట్టిన కాగితంలో ఉన్నా బొద్దింక మీసమంత సన్నటి అక్షరాల్లో ఉంటుంది.

వేగం కన్నా నిదానం ఎందుకు మేలో అర్థం కావాలంటే గాలి వెళ్లే దారి ఒకసారి చూడాలి. మామూలుగా గాలి ముక్కులో దూరినప్పుడే వేడెక్కుతుంది, తడి పట్టించుకుంటుంది, దుమ్ము వదిలించుకుంటుంది. ఈ పరికరం గాలిని నోటిగుండా లాగిస్తుంది కాబట్టి ముక్కు చేసే ఈ చాకిరీ తప్పిపోతుంది. ఏసీ వార్డులో పదిసార్లు పీల్చేసరికి గొంతు పిడచకట్టుకుపోయేది అందుకే. నీళ్లు తాగొచ్చని డాక్టరు చెప్పాక, మొదలుపెట్టే ముందు ఒక గుక్క తాగండి. గొంతులో అన్నం దారీ గాలి దారీ కాసేపు ఒక్కటే. మింగేటప్పుడు ఉపజిహ్విక గాలి దారికి మూతలా వాలుతుంది, ఆ పని సరిగ్గా జరగకపోతే పొలమారుతుంది. అక్కడినుంచి స్వరపేటిక, ఆ కింద శ్వాసనాళం. పెద్దవాళ్లలో ఇది 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఎంత గట్టిగా పీల్చినా అతుక్కుపోకుండా లాడం ఆకారపు మృదులాస్థి కట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. ఛాతీ మధ్యలో అది రెండుగా చీలుతుంది. కుడి కొమ్మ కాస్త వెడల్పు, కాస్త నిటారు. పిల్లలకు పొరపాటున పల్లీ గింజ లోపలికి పోతే ఎక్కువగా కుడివైపుకే జారడానికి కారణం ఇదే.

అక్కడినుంచి చీలికల మీద చీలికలు, మొత్తం సుమారు 23 అంచెలు. మొదటి 16 అంచెలు ఉత్త దారి మాత్రమే, అక్కడ రక్తానికి ప్రాణవాయువు అందదు. ముక్కు నుంచి అక్కడిదాకా ఉన్న ఈ దారి నిండడానికే సుమారు 150 మి.లీ. గాలి ఖర్చవుతుంది. మామూలు శ్వాస 500 మి.లీ. అనుకుంటే చివరనున్న బుల్లి గాలి సంచులకు, అంటే వాయుగోణులకు చేరేది 350. కుట్లు లాగుతున్నాయని భయపడే మనిషి 250 మి.లీ. చొప్పున నిమిషానికి ఇరవైసార్లు పైపైన పీలుస్తున్నాడనుకోండి. మొత్తం 5 లీటర్లు పీల్చినట్టే, కానీ పనికొచ్చేది 2 లీటర్లే. అదే 5 లీటర్లను 500 చొప్పున పదిసార్లలో పీలిస్తే పనికొచ్చేది మూడున్నర లీటర్లు. రొప్పుతున్న మనిషి అంత గాలి ఆడుతున్నా అలసిపోవడం వెనకున్న కిటుకు ఇదే.

చివరి అంచెల సంగతి పంట కాలువ తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద కాలువలో ఉరికే నీరు బోదెల్లోకి చీలేకొద్దీ నెమ్మదిస్తుంది. తూము కాసేపు ఎత్తి దించేస్తే ఎగువ పొలాలే తడుస్తాయి, ఆయకట్టు చివరి మడికి చుక్క రాదు. ఊపిరితిత్తుల్లోనూ అంతే. తెరిచి ఉన్న, సులువైన దారులున్న భాగాలు ముందు నిండుతాయి. కఫం అడ్డుపడ్డ, సగం ముడుచుకున్న భాగాలు నిండడానికి వ్యవధి కావాలి. ఒక్క సెకనులో మూడు బంతులు ఎగరేసే గుంజుడు ఆ వ్యవధి ఇవ్వదు. పైగా ఆ గుంజుడుకు మెడ కండరాలు బిగుస్తాయి, భుజాలు పైకి లేస్తాయి, ఛాతీ పైభాగమే ఉబ్బుతుంది. కదలాల్సింది కింద, ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డుగా ఉన్న కండరపు పొర, ఉదరవితానం. ఆపరేషన్ తర్వాత ముడుచుకునేవీ ఎక్కువగా ఊపిరితిత్తుల అడుగు భాగాలే.

అవి ఎందుకు ముడుచుకుంటాయంటే, వాయుగోణులు కోట్లలో ఉంటాయి, ఒక్కోటి మిల్లీమీటరులో ఐదో వంతు నుంచి మూడో వంతు వరకే. లోపల పల్చటి తడి పొర ఉంటుంది, తడి ఎప్పుడూ గోడల్ని దగ్గరకు లాగుతుంది. సర్ఫాక్టెంట్ అనే సబ్బులాంటి పదార్థం ఆ లాగుడును తగ్గిస్తుంది. అయినా పైపై శ్వాసతో గంటలు గడిస్తే కొన్ని ముడుచుకోవడం మామూలే. ఆరోగ్యంగా ఉన్న మనిషి తనకు తెలియకుండానే గంటకు పది పన్నెండుసార్లు నిట్టూరుస్తాడు. మనం దాన్ని దిగులుకు గుర్తుగా చూస్తాం కానీ, ఆ పెద్ద శ్వాసే ముడుచుకున్న వాయుగోణుల్ని తిరిగి తెరుస్తుంది. మత్తు, నొప్పి, నొప్పి తగ్గించడానికిచ్చే కొన్ని మందులు, వెల్లకిలా పడుకోవడం, ఇవన్నీ కలిసి ఆ నిట్టూర్పును మింగేస్తాయి. 1970ల తొలినాళ్లలో అమెరికన్ సర్జన్ రాబర్ట్ బార్ట్‌లెట్ తదితరులు ఈ తరహా పరికరాన్ని ముందుకు తెచ్చింది ఆ పోయిన పెద్ద శ్వాసను రోగి చేత కావాలని తీయించడానికే. గంటకు పదిసార్లు అని డాక్టర్లు చెప్పే మోతాదు కూడా సహజంగా వచ్చే నిట్టూర్పుల లెక్కకు దగ్గరగానే ఉంటుంది.

వాడే పద్ధతి ఇది. మంచం తలవైపు కనీసం 45 డిగ్రీలు ఎత్తించుకోండి, కూర్చోగలిగితే మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవడం ఇంకా మేలు. డబ్బాను నిటారుగా, కళ్ల ఎత్తులో పట్టుకోండి. వాలిస్తే బంతి తేలిగ్గా దొర్లుతుంది, అంకె అబద్ధమవుతుంది. ముందు మామూలుగా ఊపిరి వదలండి, పిండి పిండి వదలొద్దు. మూతిని పళ్ల మధ్య ఉంచి, నాలుక అడ్డు రాకుండా, పెదవులు చుట్టూ మూసేయండి. ఇప్పుడు చిక్కటి మజ్జిగను స్ట్రాతో లాగినంత నిదానంగా పీల్చండి. మొదటి బంతి లేచి పైనే నిలబడాలి. అలవాటయ్యాక రెండోదీ లేవాలి. మూడోది అడుగునే ఉండాలి, అది లేచిందంటే తొందరపడుతున్నట్టు. ఇక పీల్చలేను అన్నచోట మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి బిగబట్టండి.

ఇక్కడ చాలామంది కంగారుపడతారు. ఊపిరి బిగబట్టగానే బంతులు కిందపడిపోతాయి. పడాలి కూడా. గాలి ప్రవాహం ఆగితే బంతిని మోసేది ఏమీ ఉండదు. బంతి పైన నిలబడ్డంతసేపు పీల్చినట్టు, పడ్డాక మూడు సెకన్లు బిగబట్టినట్టు. బంతి పడిపోతోందని భయపడి మళ్లీ మళ్లీ లాగితే బిగబట్టే ఘట్టమే ఎగిరిపోతుంది. ఆ మూడు సెకన్లలో పక్కపక్క వాయుగోణుల మధ్యనున్న సన్న రంధ్రాల గుండా గాలి, అసలు దారి మూసుకుపోయిన వాటిలోకి దొడ్డిదారిన చేరుతుంది. ప్రాణాయామం తెలిసినవాళ్లకు పూరకం, ఆ వెంట చిన్న కుంభకం అంటే సరిపోతుంది. అయితే ఇక్కడ కుంభకంలో పట్టుదల చూపించాల్సిన పని లేదు.

తర్వాత మూతి తీసేసి, పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలండి. గొట్టంలోకి వదలొద్దు. అరనిమిషం మామూలుగా ఊపిరి తీసుకుని మళ్లీ పీల్చండి. అలా పదిసార్లు, మెలకువగా ఉన్న ప్రతి గంటకూ. డాక్టరు వేరే లెక్క చెబితే అదే పాటించాలి. పది పూర్తయ్యాక రెండు మూడుసార్లు గట్టిగా దగ్గాలి. కడుపు మీదో రొమ్ము మధ్యనో కోత ఉంటే దిండు మడిచి దాని మీద రెండు చేతులతో అదిమి పట్టుకుని దగ్గితే కుట్లు అంతగా లాగవు. ఈ దగ్గును చాలామంది ఎగ్గొడతారు. లోపల వదులైన కఫం బయటికి రాకపోతే అంతసేపు పీల్చిన శ్రమలో సగం వృథా.

నొప్పి మందు పనిచేస్తున్న సమయం చూసి చేస్తే శ్వాస లోతులో ఇట్టే తేడా తెలుస్తుంది. అన్నం తిన్న వెంటనే వద్దు, నిండిన పొట్ట ఉదరవితానాన్ని కిందికి దిగనివ్వదు. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట పైభాగం ఆపరేషన్లకు తేదీ ముందే తెలిసి ఉంటే, డబ్బా ముందే కొని నాలుగు రోజులు ఇంట్లో సాధన చేయడం అన్నిటికన్నా తెలివైన పని. మత్తు దిగుతూ, నొప్పితో మూలుగుతున్నప్పుడు కొత్త విద్య నేర్పితే ఎవరికీ పట్టుబడదు. ముందే చేసి ఉంటే రెండు బంతులు ఎన్ని సెకన్లు నిలబడ్డాయో ఒక కాగితం మీద రాసుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత చేరుకోవాల్సిన గమ్యం ఆ అంకే, డబ్బా మీదున్న 1200 కాదు.

ఇక బంతి లేవకపోవడం. అందరూ వెంటనే ఊపిరితిత్తుల్ని అనుమానిస్తారు, ముందు గొట్టాన్ని అనుమానించాలి. గొట్టం డబ్బాకు తగిలించే చోట వదులుగా ఉందా, ఎక్కడైనా మెలికపడి నొక్కుకుపోయిందా, పెదవుల పక్కనుంచి గాలి కారుతోందా చూడండి. కట్టుడు పళ్లు తీసేసిన పెద్దవాళ్లకు పెదవులు మూతి చుట్టూ బిగవవు. డాక్టరు ఒప్పుకుంటే పళ్లు పెట్టుకుని చేయించాలి. కొందరు నోట్లో మూతి పెట్టుకునీ ముక్కుతోనే పీల్చేస్తారు, అప్పుడు బంతి కదలదు. మొదటి రెండుసార్లు ముక్కు వేళ్లతో మూసి చూపిస్తే తేడా తెలిసిపోతుంది. ఊదేవాళ్లకైతే నిటారుగా ఉన్న డబ్బాలో బంతులు ఎంత ఊదినా లేవవు, పైగా నోటి తేమ లోపలికి పోయి బంతి గోడకు అతుక్కుంటుంది. డబ్బాను తలకిందులు చేసి ఊదే వ్యాయామం ఒకటి ఉంది కానీ దాని పని వేరు. ఫిజియోథెరపిస్టు చెప్పకుండా దాని జోలికి వెళ్లొద్దు. రోగికి ‘ఊదండి’ అని చెప్పే బంధువుల నోరు కూడా సరిదిద్దాలి. ఎదురుగా నిలబడి ‘పీల్చు బాబాయ్, పీల్చు’ అనే ఒక్క మాట చాలు.

తల తిరగడం, పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి, ఇవి తరచూ వచ్చే ఫిర్యాదులు. గంటగంటకూ పదిసార్లు చేయాల్సింది వదిలేసి, సాయంత్రం గుర్తొచ్చి ఒకేసారి యాభై లాగేస్తే వచ్చే ఫలితం ఇది. వరసగా లోతుగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మోతాదు మించి తగ్గిపోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకుంటే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఛాతీలో నొప్పి, పెరుగుతున్న ఆయాసం, కఫంలో రక్తం, జ్వరం ఉంటే అది తిమ్మిరి లెక్కలోకి రాదు, వెంటనే సిస్టర్‌కో డాక్టరుకో చెప్పాలి.

ఇంకో రకం కూడా దొరుకుతుంది. ఒకే పెద్ద గొట్టంలో పిస్టన్ లేస్తుంది, పక్కన 2500 దాకానో 4000 దాకానో మిల్లీలీటర్ల గీతలుంటాయి, వేగం సరిగ్గా ఉందో లేదో చూపడానికి పక్కన చిన్న గుర్తు ఉంటుంది. ఇందులో పిస్టన్ లేచిన ఎత్తు చెప్పేది వేగం కాదు, ఎంత గాలి పోయిందన్న పరిమాణమే. పీల్చడానికి పడే శ్రమా తక్కువే. పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు, బాగా నీరసంగా ఉన్నవాళ్లకు, డబ్బులకు ఇబ్బంది లేకపోతే దీన్నే కొనమని చెప్పొచ్చు. ధర ఎక్కువ, చిన్న ఊళ్ల షాపుల్లో దొరకడం కష్టం. అందువల్లే బంతుల డబ్బా రాజ్యమేలుతోంది.

ఈ డబ్బా పేరు చూసి ఊపిరితిత్తుల పరీక్ష అనుకోవడం మరో పొరపాటు. 1846లో ఇంగ్లండులో జాన్ హచిన్సన్ నీటిమీద తేలే గంట ఆకారపు పాత్రతో మనిషి ఊపిరి సామర్థ్యాన్ని కొలిచి దానికి స్పైరోమీటర్ అని పేరు పెట్టాడు. ఆసుపత్రిలో కంప్యూటరు ముందు ముక్కుకు క్లిప్పు పెట్టి బలంగా ఊదించే పరీక్ష ఆ వంశానిది. మన బంతుల డబ్బా వ్యాయామ సామాను మాత్రమే. రెండు బంతులు లేచాయి కాబట్టి ఆస్తమా లేదనీ, మూడూ లేచాయి కాబట్టి ఊపిరితిత్తులు బాగున్నాయనీ దీంతో తేల్చలేం. ఆస్తమా ఆయాసం వచ్చినప్పుడు ఇన్‌హేలర్ తీయాలి, దీన్ని కాదు.

అసలు ఇది ఎంత మేలు చేస్తుందన్న ప్రశ్నకు డబ్బా అమ్మేవాళ్లు చెప్పని జవాబు ఉంది. బైపాస్ ఆపరేషన్ రోగుల మీద 2012లో, పొట్ట పైభాగం ఆపరేషన్ల మీద 2014లో వచ్చిన కోక్రేన్ సమీక్షలు (ఒక విషయం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసేవి), ఊపిరితిత్తుల ఇబ్బందుల్ని ఇది తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదన్నాయి. అమెరికన్ శ్వాస చికిత్స సంఘం 2011 మార్గదర్శకాలు కూడా దీన్ని ఒంటరిగా, అందరికీ మామూలుగా వాడొద్దనీ, లోతైన శ్వాస, సరైన దగ్గు, త్వరగా లేచి నడవడం, నొప్పి తగ్గించడం వీటితో కలిపే వాడాలనీ చెప్పాయి. అందుకని డబ్బా పడేయాల్సిన పని లేదు. బంతి కళ్ల ముందు కదలకపోతే గంటగంటకూ లోతుగా పీల్చాలన్న గుర్తే ఉండనివాళ్లే ఎక్కువ. కానీ రోజంతా మంచం దిగకుండా బంతులు లేపుతున్న మనిషి కన్నా, బంతులు మర్చిపోయి వరండాలో నాలుగుసార్లు నడిచి వచ్చిన మనిషి ఊపిరితిత్తులకే లాభం ఎక్కువ.

కొందరు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఇంకా చికిత్స జరగనివాళ్లు, దగ్గులో రక్తం పడుతున్నవాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు ఆ జాబితాలో ఉంటారు. చెప్పింది అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ల చేత బలవంతంగా చేయించడం దండగ.

కొనేటప్పుడు పెట్టె తెరిపించి చూడండి. సీలు ఉండాలి, గదుల్లో పగుళ్లు ఉండకూడదు, డబ్బా కదిపితే మూడు బంతులూ ఎక్కడా తగులుకోకుండా దొర్లాలి, గొట్టం రెండు కొసలా బిగుతుగా కూర్చోవాలి. ఒక డబ్బా ఒక్కరికే. మూతి కడిగాం కదా అని ఇంట్లో ఇంకొకరికి ఇవ్వొద్దు, గొట్టం మడతల్లోని తడి కడుగుడుకు అందదు. మూతిని రోజూ గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ వంకరపోయి గొట్టానికి బిగవదు. డబ్బాలోకి నీళ్లు పోయొద్దు, బయట తడిగుడ్డతో తుడిస్తే చాలు. వాడనప్పుడు మూతికి కవరు తొడిగి, మంచం పక్కన చేతికందేలా పెట్టండి. అల్మారాలోకి వెళ్లిన రోజే దీని వాడకం ఆగిపోతుంది. గొట్టంలో నల్లటి మచ్చలు కనబడినా, వాసన వచ్చినా కడిగి చూద్దాం అనుకోకుండా పారేసి కొత్తది కొనండి.